పేరు లేని అట్ట, మూడు గొంతులు

1982లో అమెరికాలో పంక్ (వేగంగా, మోటుగా సాగే రాక్ సంగీతం) అభిమానుల చేతికి రెండు ఎల్‌పీల ఆల్బమ్ ఒకటి వచ్చింది. అట్ట మీద బ్యాండ్ పేరు లేదు. దానికి బదులు గ్రెగ్ గిన్, చక్ డుకౌస్కీ, రోబో, డెజ్ కడేనా అంటూ పాడినవాళ్ళ పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు ఉన్నాయి. మొగుడి పేరు నోట పలకని పాతకాలపు ఇల్లాలు ‘మా పెద్దాడి నాన్న’ అంటే ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది కదా, ఇదీ అంతే. ఆ పేర్లు చూడగానే అది బ్లాక్ ఫ్లాగ్ రికార్డని తెలిసినవాళ్ళకు తెలిసిపోయింది. ఆల్బమ్ పేరు ‘ఎవ్రీథింగ్ వెంట్ బ్లాక్’. బ్యాండ్ పేరు వెయ్యకపోవడానికి కారణం మాత్రం సంప్రదాయం కాదు, కోర్టు ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. లాస్ ఏంజెలెస్‌కి దగ్గర్లో, సముద్రం ఒడ్డున హెర్మోసా బీచ్ అనే ఊరుంది. బ్లాక్ ఫ్లాగ్ పుట్టింది అక్కడే. దాన్ని మొదలుపెట్టిన గిటారిస్టు గ్రెగ్ గిన్‌కి చిన్నప్పటి నుంచీ హామ్ రేడియో (సొంత రేడియో సెట్లతో దూరంలోని వాళ్ళతో మాట్లాడే సరదా) పిచ్చి. కుర్రాడిగా ఉన్నప్పుడే రేడియో సామాన్లు అమ్మే చిన్న వ్యాపారం పెట్టాడు. దాని పేరు సాలిడ్ స్టేట్ ట్యూనర్స్, పొట్టిగా ఎస్‌ఎస్‌టీ. 1976లో బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు దానికి ‘పానిక్’ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో అప్పటికే ఇంకో బ్యాండ్ ఉందని తెలిసి మార్చుకోవాల్సి వచ్చింది. బ్లాక్ ఫ్లాగ్ అనే పేరు, నాలుగు నల్ల పట్టీల గుర్తు రెండూ గిన్ తమ్ముడు రేమండ్ పెటిబాన్ ఇచ్చినవే. తెల్ల జెండా అంటే లొంగిపోవడం, నల్ల జెండా అంటే దానికి సరిగ్గా ఎదురు. (ఆ పేరుతో అక్కడ పురుగుల మందు కూడా ఉంది. వీళ్ళకి అదీ నచ్చే ఉంటుంది.)

1978 జనవరిలో నాలుగు పాటలు రికార్డు చేశారు. అన్నీ కలిపినా అయిదు నిమిషాల చిల్లర. వేస్తానన్న కంపెనీ ఎంతకీ వెయ్యకపోవడంతో, రేడియో సామాన్లు అమ్మిన ఎస్‌ఎస్‌టీ పేరుతోనే గిన్ రికార్డు కంపెనీ పెట్టి బయటికి తెచ్చాడు.

ఈ బ్యాండ్‌లో పాడేవాళ్ళు నిలిచేవారు కాదు. 1979లో మొదటి గాయకుడు కీత్ మోరిస్ వెళ్ళిపోయి సర్కిల్ జెర్క్స్ అని సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన రాన్ రెయెస్ 1980లో షో నడుస్తుండగానే స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డెజ్ కడేనా. 1981లో వాషింగ్టన్ నుంచి, ఐస్‌క్రీమ్ షాపులో పనిచేస్తున్న హెన్రీ రోలిన్స్ వచ్చాక కడేనా గిటారుకి మారాడు. మనిషి మారినప్పుడల్లా అవే పాటలు మళ్ళీ రికార్డయ్యాయి, టేపులు పోగుపడ్డాయి.

గొడవ రోలిన్స్ పాడిన మొదటి ఆల్బమ్ ‘డ్యామేజ్డ్’ దగ్గర మొదలైంది. దాన్ని విడుదల చెయ్యడానికి యూనికార్న్ అనే చిన్న కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. యూనికార్న్ రికార్డులు షాపులకు చేర్చే పని పెద్ద కంపెనీ ఎమ్‌సీఏది. అక్కడి అధికారి అల్ బెర్గామో పాటలు విని, ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు, మేం పంచం అన్నాడు. అప్పటికే అచ్చయిన అట్టల మీద బ్యాండ్ వాళ్ళు అతని మాటలనే స్టిక్కర్‌గా అంటించి అమ్మారు. నీతి సంగతి సాకు మాత్రమేననీ, అసలు ఇబ్బంది యూనికార్న్ డబ్బు వ్యవహారాలేననీ తర్వాత ఎస్‌ఎస్‌టీలో పనిచేసిన జో కార్డూచీ అంటాడు. నాకైతే ఆయన మాటే నమ్మబుద్ధేస్తుంది. తర్వాత యూనికార్న్‌కీ బ్యాండ్‌కీ చెడింది, వ్యవహారం కోర్టుకెక్కింది. కేసు తేలేదాకా బ్లాక్ ఫ్లాగ్ పేరూ గుర్తూ ఏ రికార్డు మీదా వాడకూడదని ఉత్తర్వు వచ్చింది.

అలమరాలోని పాత టేపులు బయటికొచ్చింది అప్పుడు. పాత రోజుల మీద మురిపెంతో కాదు, కొత్తవి వేసే దారి మూసుకుపోయి. అందుకేనేమో ఇందులో ముస్తాబు లేదు. ‘డిప్రెషన్’, ‘పోలీస్ స్టోరీ’, ‘గిమ్మీ గిమ్మీ గిమ్మీ’ ఒక్కోటీ మూడుసార్లు వస్తాయి, మూడు గొంతుల్లో. మోరిస్ వెటకారంగా ముక్కుతో లాగుతాడు. రెయెస్ గొంతు చించుకుంటాడు. కడేనా బొంగురు గొంతుతో మొరుగుతాడు. ఒకే పాట మూడుసార్లు ఎవరు వింటారని మొదట విసుగేస్తుంది. మూడోసారికి చెవి పాటగాణ్ణి వదిలేసి గిన్ గిటారు వెంట పడుతుంది. డ్రమ్స్ వాయించిన రోబో చేతికి కడియాలు వేసుకునేవాడు. స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడ్డప్పుడు వాటి గలగల కూడా రికార్డులకెక్కేదని చెప్పుకుంటారు. నాలుగో వైపు పాటలే లేవు, తమ షోలకి రేడియోలో ఇచ్చుకున్న ప్రకటనలు నింపారు. వేరేవాళ్ళయితే చెత్తబుట్టలో వేసేవి. నాకు ఆ వైపే ఎక్కువ ఇష్టం.

పేర్ల తిరకాసు ఇంకోటుంది. అట్ట మీద మోరిస్ అసలు పేరు లేదు, ‘జానీ బాబ్ గోల్డ్‌స్టీన్’ అని ఉంది. రెయెస్‌కి, షో మధ్యలో వదిలేసి పోయాడన్న కోపంతో ఇంతకుముందు తగిలించిన బూతు మారుపేరే మళ్ళీ వేశారు.

పేరు వెయ్యకపోయినా యూనికార్న్ ఊరుకోలేదు, కోర్టు ధిక్కారం అంది. 1983 జులైలో గిన్, బాస్ గిటారు వాయించే డుకౌస్కీ లాస్ ఏంజెలెస్ కౌంటీ జైల్లో అయిదు రోజులు గడిపారు. ఆ ఏడాది చివర్లో యూనికార్న్ దివాలా తీసింది, పేరు వీళ్ళకి తిరిగొచ్చింది. కట్టలు తెగినట్టు ఒక్క 1984లోనే మూడు స్టూడియో ఆల్బమ్‌లు వదిలారు. రెండేళ్ళలో బ్యాండే విడిపోయింది. ఆ డబుల్ ఆల్బమ్ తర్వాతి ముద్రణల అట్ట మీద పేరు వచ్చి చేరింది.

2013లో అదే పేరు మళ్ళీ కోర్టుకెక్కింది. ఈసారి దావా వేసింది గిన్. మోరిస్, డుకౌస్కీ, కడేనా కలిసి ‘ఫ్లాగ్’ పేరుతో పాత పాటలు వాయిస్తున్నారని అభ్యంతరం. జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు, మరుసటి ఏడాది రాజీ అయ్యారు. ఈ తగువులో గిన్ పక్కన ఉన్నది రెయెస్. కొత్తగా కూడిన బ్లాక్ ఫ్లాగ్‌లో మళ్ళీ అతనే గాయకుడు. 2013 నవంబర్లోనే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో షో నడుస్తుండగా, స్టేజీ మీదే, రెయెస్‌ని ఇక దిగి వెళ్ళమన్నారు.