ట్రంపెట్‌లోంచి కారే నీళ్లు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీలో కొత్తగా స్కూల్ బ్యాండ్‌లో చేరిన ఒక పాప నన్నొక మాట అడిగింది. "తాతయ్యా, మా వెనక వరసలో ట్రంపెట్ వాయించే అన్న మధ్యమధ్యలో చిన్న మీట నొక్కి లోపలి నుంచి నీళ్లు వంపేస్తాడు. అది ఉమ్మే కదా? ఛీ, నాకు ట్రంపెట్ వద్దు, క్లారినెట్ తీసుకుంటా" అని. క్లారినెట్ తీసుకుంటే నాకు సంతోషమే తల్లీ, చిన్నప్పుడు నేనూ అదే వాయించాను. కానీ ఆ నీళ్లు క్లారినెట్‌లోనూ వస్తాయి. ఫ్లూట్‌లోనూ వస్తాయి. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

అందులో ఉమ్మి ఉండేది కొంచెమే. ఎక్కువ భాగం మన ఊపిరిలోని ఆవిరి. ఒంటి వేడి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 44 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోయగలదు. మిగతాది ఎక్కడో ఒకచోట దించేయాలి కదా. చల్లటి ఇత్తడి గొట్టం లోపలి గోడ దానికి దొరుకుతుంది. అద్దం మీద నోరు తెరిచి ఊది చూడు, అక్కడ కనిపించే మసకే ఇది. గంటసేపు ఊదితే ఆ మసక చుక్కలై, చుక్కలు కలిసి చిన్న మడుగై, గాలి దాని మీదుగా పోయేటప్పుడు స్వరంలో గరగర మొదలవుతుంది. అందుకే ఆ అన్న మీట నొక్కుతున్నాడు. ఆ మీట అసలు పేరు వాటర్ కీ.

మరి ఊపిరి నీళ్లై కారిపోతుంటే పాట ఎక్కడి నుంచి వస్తోంది? నువ్వు అడగకపోయినా నేను చెప్పాలనుకుంటున్నది ఇదే.

ఊయల ఊపడం మీ అందరికీ వచ్చు. చెల్లెల్ని కూర్చోబెట్టి ఊపుతున్నారనుకోండి. ఊయలకు తనదంటూ ఒక లయ ఉంటుంది. అది ఎదురొచ్చేటప్పుడు తోస్తే, ఎంత బలం పెట్టినా ఆగిపోతుంది. వెనక్కి వచ్చి, ఒక్క క్షణం నిలిచి, మళ్లీ ముందుకు బయల్దేరేటప్పుడు వేలితో తోసినా చాలు. అలా ఒక్కొక్క వేలి తోపు చేరి చేరి చెల్లెలు కేకలు పెట్టేంత ఎత్తుకు వెళ్తుంది. ట్రంపెట్ గొట్టంలో ఉన్న గాలి కూడా ఒక ఊయలే. దానికీ తన లయ ఉంది. మౌత్‌పీస్‌లో బిగించి అదిరించే మీ పెదవులే దాన్ని తోసే చేతులు.

ఇక్కడో ముచ్చటైన విషయం ఉంది. ఊయల ఊపేవాళ్లు గడియారం చూసి తోయరు, ఊయల తిరిగి రావడం చూసి తోస్తారు. పెదవులూ అంతే. గొట్టం చివర గంటలా విచ్చుకున్న చోటికి చేరిన ఒత్తిడి అల అంతా బయటికి పోదు. చాలా భాగం వెనక్కి తిరిగి పెదవుల దగ్గరికే వస్తుంది. వచ్చి, "ఇప్పుడు తెరుచుకో" అన్నట్టు వాటిని తడుతుంది. వాయించడం మొదలుపెట్టినవాళ్లు బుగ్గలు పొంగించి, ముఖం ఎర్రబడేదాకా ఊదుతారు. స్వరం రాదు. ఊయల ఎదురొస్తుంటే తోస్తున్నారన్నమాట. బలం తగ్గించి, గొట్టం ఏం చెబుతోందో పెదవులతో వినడం మొదలుపెట్టిన రోజు స్వరం దానంతట అదే నిలబడుతుంది.

తాళ్లు పొడవైతే ఊయల నిదానంగా ఊగుతుంది. గొట్టం పొడవైతే గాలి నిదానంగా ఊగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. ట్రంపెట్ గొట్టాన్ని మెలికలు విప్పి చాపితే మీటరున్నరకు కాస్త తక్కువ. ట్రోంబోన్ దాదాపు 2.7 మీటర్లు. పెద్ద ట్యూబా అయితే సుమారు 5.5 మీటర్లు, అంటే ఒక గది ఈ మూల నుంచి ఆ మూల దాకా! పొడవు రెట్టింపైన ప్రతిసారీ స్వరం ఒక స్థాయి, అంటే పై 'స' నుంచి కింది 'స' దాకా, దిగుతుంది. వాల్వ్ నొక్కడమంటే తాడుకు ముక్క అతికించడమే: నొక్కగానే గాలి అదనపు గొట్టంలోకి మళ్లి చుట్టు తిరిగి వస్తుంది. రెండో వాల్వ్ అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దించుతాయి. ట్రోంబోన్ వాయించేవాళ్లు ఇవేవీ లేకుండా గొట్టాన్నే జరుపుతారు. చేయి ఆగాల్సిన చోట్లు 7. వాటికి గుర్తులేమీ ఉండవు, చెవే చెప్పాలి.

"ఏ వాల్వూ నొక్కకుండానే అన్న నాలుగైదు స్వరాలు పలికిస్తాడే?" అని మీరు అడుగుతారు. ఊయల తాళ్ల మధ్యలో ఇంకో బల్ల కట్టి, అక్కడ మరొకర్ని కూర్చోబెట్టారని ఊహించండి. కింది బల్ల ముందుకు పోతుంటే పై బల్ల వెనక్కి రావచ్చు, అప్పుడు ఊగే వేగం పెరుగుతుంది. ఇంకో బల్ల కడితే ఇంకా వేగం. గొట్టంలో గాలి కూడా ఇలా భాగాలు భాగాలుగా ఊగగలదు. పెదవులు బిగిస్తే పై భాగాల లయ అందుతుంది. ట్రంపెట్లకు, హార్న్‌లకు వందల ఏళ్లపాటు ఈ సహజ స్వరాలే దిక్కు. స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాద్యకారులు 1818లో బెర్లిన్‌లో వాల్వ్‌కు పేటెంటు తీసుకున్నారు. అప్పటికి హైడన్ అనే స్వరకర్త ట్రంపెట్ కాన్సెర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ట్రంపెట్ ముందుండి వాయించే రచన, రాసి రెండు దశాబ్దాలు దాటింది. 1796లో ఆయన దాన్ని రాసింది వాల్వుల ట్రంపెట్ కోసం కాదు, రంధ్రాల మీద మీటలు బిగించిన ఒక కొత్తరకం ట్రంపెట్ కోసం. ఒక్క స్వరం ఎక్కువ దొరకాలని మనుషులు ఎంత తపించారో చూడండి.

వయొలిన్‌లో ఊగేది తీగ. కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలకు రోజిన్ రాస్తారు, అది ఒకరకం చెట్టు జిగురు గడ్డ. ఆ వెంట్రుకలు తీగను పట్టుకుని కాస్త దూరం లాక్కెళ్తాయి, తీగ జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటాయి. మీకు మాత్రం ఒకే తీయని ధార వినిపిస్తుంది. 'A' అనే స్వరానికి శ్రుతి చేసిన తీగ మీద ఇది సెకనుకు 440 సార్లు జరుగుతుంది! ఇక డ్రమ్ము సంగతి తేలిక. ఊయలను ఒక్క తోపు తోసి వదిలేయడమే.

ఈ 440 అన్న అంకె గుర్తుంచుకోండి. ఆర్కెస్ట్రాలో శ్రుతి చేసుకునేటప్పుడు ఒబో అనే ఊదే వాద్యం వాయించేవాళ్లు ఆ 'A' స్వరం ఇస్తారు, మిగతా అందరూ దానికి కలుపుకుంటారు. చాలాచోట్ల అది 440, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. అయితే వాద్యాన్ని పెట్టెలోంచి తీసిన వెంటనే శ్రుతి చూసుకుంటే లాభం లేదు. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే ఇంకో 0.6 మీటరు వేగం చేరుతుంది. అందుకే ఊదగా ఊదగా గొట్టం వెచ్చబడి స్వరం పైకి జరుగుతుంది. వయొలిన్ తీగలేమో వేడికి సాగి కిందికి దిగుతాయి. ఒకే హాల్లో సగం మంది పైకి, సగం మంది కిందికి జారుతుంటారు. ఒకరినొకరు వింటూ సర్దుకుంటేనే ఆ సాయంత్రం గట్టెక్కుతుంది.

మా చిన్నప్పటి బ్యాండ్ మాస్టారు గుర్తొస్తున్నారు. స్కూల్లోని వాద్యాలు వయసులో మాకంటే పెద్దవి. మొదట్లో ఆయన మమ్మల్ని ఊదనిచ్చేవారు కాదు. పెట్టె తెరవడం, భాగాలు కలపడం, విప్పడం, తుడవడం, మూసేయడం, అంతే. మాకు ఒళ్లు మండేది. మాలో ఒకడు ఆగలేక ట్రంపెట్ మౌత్‌పీస్‌ను అరచేత్తో కొట్టి బిగించాడు. అది ఇరుక్కుంది. వాడు ఇంటి నుంచి పటకారు తెచ్చి మెలితిప్పాడు. గొట్టం వంకర పోయింది. మాస్టారు అరవలేదు. ఆ ట్రంపెట్ బాగై వచ్చేదాకా వాడు ఖాళీ చేతులతో మా పక్కనే కూర్చున్నాడు, అంతకంటే శిక్ష ఏముంటుంది? మౌత్‌పీస్ ఇరుక్కుంటే తీయడానికి వేరే పరికరం ఉంటుంది, అది మాస్టార్ల దగ్గరే ఉంటుంది. మీరు పటకారు జోలికి పోవద్దు.

నాకు మూడో క్లారినెట్ భాగం ఇచ్చారు. అందులో పాటే లేదు. కిందెక్కడో మూడు నాలుగు స్వరాలు, మిగతా అంతా ఎదురుచూపు. "నాకెందుకండీ ఇది, వాయించినా ఎవరికీ వినబడదు" అని గొణిగాను. మర్నాడు మాస్టారు మా మూడో వరసను ఆపేసి మిగతా బ్యాండ్‌ను వాయించమన్నారు. పాట అంతా ఉంది, కానీ కింద నేల లేనట్టుంది. తర్వాత మమ్మల్నీ కలవమన్నారు. నేను పట్టి ఉంచిన ఆ ఒక్క స్వరం మీద ట్రంపెట్ వచ్చి వాలినప్పుడు నా ఒళ్లు పులకరించింది. అప్పటి నుంచి ఏ సంగీతం విన్నా నా చెవి ముందుగా లోపలి వరసలనే వెతుకుతుంది. మీకూ మూడో భాగమే ఇవ్వచ్చు. బాధపడకండి, చెవి అక్కడే బాగా పెరుగుతుంది.

ఇక జాగ్రత్తల మాట. పాట పుట్టించే ఊపిరే వాద్యాన్ని తినేస్తుంది కూడా, అందుకని తుడవడాన్ని వాయించడంలో భాగంగానే చూడండి. కలప క్లారినెట్‌ను చాలావరకు ఆఫ్రికా నల్లకలపతో చేస్తారు. అది ఎంత బరువైన కలపంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ చెట్టు చాలా మెల్లగా పెరుగుతుంది, ఒక మనిషి జీవితకాలం పట్టినా ఆశ్చర్యం లేదు. అంత గట్టి కలప కూడా లోపల వెచ్చగా తడిగా, బయట చల్లగా పొడిగా ఉంటే పగులుతుంది. అందుకే చలిగా ఉన్నప్పుడు ముందు చేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టాలి, కొత్త క్లారినెట్‌ను మొదటి వారాల్లో కొంచెం కొంచెమే వాయించాలి, అయిపోగానే గుడ్డను లోపలి నుంచి లాగాలి. రీడ్ అంటే రెల్లు జాతి మొక్క నుంచి చెక్కిన పలచని ముక్క. మౌత్‌పీస్ మీదే వదిలేస్తే బూజు పట్టి వంకర పోతుంది. విప్పి, తుడిచి, బల్లపరుపుగా ఆరనివ్వండి. రెండు మూడు రీడ్‌లు మార్చి మార్చి వాడితే అన్నీ ఎక్కువ కాలం వస్తాయి.

తీపి తిని, నోరు పుక్కిలించకుండా ఊదొద్దు. ఆ చక్కెర వెళ్లి రంధ్రాలను మూసే మెత్తని ప్యాడ్లకు, వాల్వులకు అంటుకుంటుంది. వాల్వుకు నూనె, జారే గొట్టాలకు గ్రీజు, ఇవి రెండూ తారుమారు కాకూడదు. వాల్వుల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి, దేని గూట్లో దాన్నే పెట్టండి. ట్రంపెట్‌కు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించొచ్చు, మరిగే నీళ్లు పోస్తే పైపూత లేచిపోతుంది. క్లారినెట్‌కు, ఫ్లూట్‌కు, సాక్సోఫోన్‌కు అసలు స్నానం వద్దు, ప్యాడ్లు పాడవుతాయి. సాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా రీడ్‌తో పలుకుతుంది కాబట్టి దాన్ని క్లారినెట్ చుట్టాల్లోనే లెక్కేస్తారు. అడాల్ఫ్ సాక్స్ 1846లో దానికి పేటెంటు తీసుకున్నాడు. వయొలిన్ వాళ్లు కమాను వెంట్రుకల్ని వేళ్లతో తాకకండి, చేతి జిడ్డు అంటితే పట్టు పోతుంది. వాయించాక కమాను వదులు చేయండి, తీగల కింద రాలిన రోజిన్ పొడిని మెత్తని గుడ్డతో తుడవండి. ఎండలో నిలిపిన కారులో ఏ వాద్యాన్నీ వదలొద్దు, వయొలిన్ అతుకుల జిగురు కరిగి విడిపోతుంది.

నీళ్ల గురించి అడిగిన పాపకు ఒక పని చెబుతాను. నీ క్లారినెట్‌ను నీ స్నేహితురాలి ఫ్లూట్ పక్కన పెట్టి కొలువు. రెండూ ఇంచుమించు 67 సెంటీమీటర్లే. పొడవు ఒకటే కదా, ఊయల లెక్క ప్రకారం అడుగు స్వరం కూడా ఒకటే కావాలి. కానీ ఇద్దరూ మీ మీ అడుగు స్వరాలు వాయించి చూడండి. క్లారినెట్ దాదాపు ఒక స్థాయి కిందికి దిగిపోతుంది! నా ఊయల ఇక్కడ చేతులెత్తేసింది. ఈ వింత ఎందుకో మాటల్లో చెప్పేకంటే నీ చేతులతో నువ్వే పట్టుకుంటే బాగుంటుంది. రెండు వైపులా తెరిచి ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి తీసుకో. పై అంచు మీదుగా అడ్డంగా ఊది స్వరం విను. తర్వాత అడుగు వైపు అరచేత్తో గట్టిగా మూసి, మళ్లీ అలాగే ఊదు. ఏం మారిందో, ఎంత మారిందో విని, గొట్టం పొడవు కొలిచి, నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ తాతయ్య