కొండ మెట్లూ ఇంటి మెట్లూ

తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడితే, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ వంగి లేస్తూ సాగే ఆడవాళ్లు, పిల్లవాణ్ణి భుజానికెత్తుకొని గోవింద నామం పలికే తండ్రులు, మోకాళ్ల మెట్టు ఇంకెంత దూరమని అడుగుతూ ఊపిరి కూడగట్టుకొనే పెద్దవాళ్లు కనిపిస్తారు. సుమారు 9 కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. మొక్కు తీరిన మరునాడు మాత్రం, మా తిరుపతి వాళ్లతో సహా, అందరం రెండో అంతస్తుకు లిఫ్టు కోసం ఎదురుచూస్తాం. వీధి చివరి అంగడిలో పాల ప్యాకెట్టు తేవడానికి బండి తీస్తాం. ఏడాదికొకసారి ఎక్కే కొండ పుణ్యం సంగతి నేను చెప్పగలిగేది కాదు గానీ, ఒంటికి జరిగే మేలు మాత్రం రోజూ ఎక్కే ఇంటి మెట్ల వల్లనే ఎక్కువ.

ఈ మాటకు తొలి గట్టి ఆధారం లండన్ బస్సుల్లో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, గుండెపోటు మరణాలు ఎందుకు పెరుగుతున్నాయో అంతుపట్టని రోజుల్లో, జెర్రీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే తరహా బతుకు. డ్రైవరు పని వేళలో అత్యధిక భాగం కూర్చొనే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇవ్వడానికి రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందనీ, వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వస్తోందనీ 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరి ఉండవచ్చు గదా అన్న సందేహం సహజం. మోరిస్ బృందం వారి యూనిఫాం నడుము కొలతలు తెప్పించి చూడగా డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవని తేలింది. అయినా సన్నటివారిలోనూ లావుపాటివారిలోనూ కండక్టర్లకే ముప్పు తక్కువగా కనిపించింది. అలిపిరి మెట్లన్నీ కలిపినా ఆ కండక్టరుకు ఐదు నుంచి ఏడు రోజుల పని మాత్రమే.

మెట్టు ఎక్కడమంటే భౌతికశాస్త్రం దృష్టిలో ఒంటి బరువును పైకెత్తడం. 60 కిలోల మనిషి సుమారు 700 మీటర్ల ఎత్తుకు చేరాడనుకుంటే, చేసిన పని 4 లక్షల జౌళ్లకు పైగా, అంటే దాదాపు 100 కిలో కాలరీలు అవుతుంది. కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగిలినది వేడిగా, చెమటగా పోతుంది కాబట్టి అసలు ఖర్చు 400 వరకూ ఉంటుంది. కొండ మీద తినే రెండు మూడు దోసెలతో అది భర్తీ అయిపోతుంది. వ్యాయామాన్ని ఇలా కాలరీల చిట్టాగా మాత్రమే చూడటం వల్లనే చాలామంది నెల తిరగకుండా మానేస్తున్నారని నా నమ్మకం.

అసలు లాభం కండరం లోపల జరుగుతుంది. భోజనం తరువాత నెత్తురులో పెరిగిన గ్లూకోజును కండర కణంలోకి చేర్చేది గ్లూట్-4 అనే ప్రొటీను. మామూలుగా అది కణం లోపలే ఉండి, ఇన్సులిన్ సంకేతం అందినప్పుడు కణపు పొర మీదికి వస్తుంది. కండరం కదిలినప్పుడు మాత్రం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే పైకి వస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని షుగరు రోగిలో కూడా ఈ రెండో దారి తెరిచే ఉంటుంది. పైగా వ్యాయామం ముగిశాక కొన్ని గంటలు, బాగా శ్రమించితే ఒకటి రెండు రోజులు, కండరం ఇన్సులిన్‌కు చురుకుగా స్పందిస్తుంది. ఆ తరువాత పాత స్థితికి వచ్చేస్తుంది. ఏడాదికి సరిపడా నడకను ఒక్క రోజులో నడిచి దాచుకోవడం సాధ్యం కాకపోవడానికి కారణమిదే.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. అన్నమో సంకటో కడుపునిండా తిని వెంటనే నడుం వాల్చే ఇంట్లో, ఆ పది పదిహేను నిమిషాలు వీధిలో అటూ ఇటూ తిరిగితే నెత్తురులో చక్కెర అంత ఎత్తుకు లేవదు. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు ముందుగా వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

పనిచేసే చోట సమస్య రెండు రూపాల్లో ఉంది. బ్యాంకు గుమాస్తా రోజంతా కూర్చొని ఉంటాడు, గాంధీ రోడ్డు బట్టల దుకాణంలో అమ్మాయి రోజంతా నిలబడి ఉంటుంది. నిలబడటం నడవడంతో సమానం కాదు. పిక్క కండరం కదిలినప్పుడల్లా కాలి సిరలను నొక్కి నెత్తురును గుండెవైపు నెడుతుంది; కదలిక లేకపోతే నెత్తురు కాళ్లలోనే నిలిచి, వాపులు వస్తాయి, సిరలు ఉబ్బుతాయి. మనకు పొరుగున ఉన్న తమిళనాడు 2021లో దుకాణాల్లో పనివారికి కూర్చొనే వీలు కల్పించాలని చట్టం చేసింది. అది ఇక్కడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అలాగే గుమాస్తా అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేసే వీలు అధికారులు కల్పించాలి.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత షరతును అప్పుడే తొలగించింది. ఇంటి మెట్లు ఎక్కే రెండు నిమిషాలు కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తాయి.

కొండ దారి గురించి ఇంకొక్క సంగతి. ఎక్కినప్పుడు ఆయాసం వస్తుంది గానీ, మరునాడు తొడలు పట్టేసేది ఎక్కువగా దిగినందువల్ల. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. ఆ లాగుడుకు సూక్ష్మమైన తంతువులు దెబ్బతిని, ఒకటి రెండు రోజుల తరువాత నొప్పి తీవ్రమవుతుంది. ఒకసారి ఆ నొప్పి పడిన కండరం తనను తాను సరిచేసుకొని, కొన్ని వారాల పాటు అదే శ్రమను తేలికగా తట్టుకుంటుంది; నెలలు గడిస్తే ఆ రక్షణ పోతుంది. బ్రహ్మోత్సవాలకు మాత్రమే మెట్లదారి పట్టేవారు అందుకే ప్రతి ఏటా కుంటుతూ ఇంటికి వస్తారు. వారానికి రెండుసార్లు మెట్లదారి మధ్యలోని గాలిగోపురం దాకా వెళ్లి దిగివచ్చేవారు మరునాడు మామూలుగానే పనికి బయలుదేరతారు.