శత్రువులు లేని కోట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూసి, ఆ తెల్లని బురుజుల కోటలోంచి రాజు ఎవరితో యుద్ధం చేశాడని అడిగారు కదా. ఎవరితోనూ చేయలేదు. జర్మనీలోని బవేరియాలో ఉన్న ఆ కోట పేరు నోయ్‌ష్వాన్‌స్టైన్. దానికి పునాది వేసింది 1869లో. అప్పటికి ఐరోపాలో రైళ్లు తిరుగుతున్నాయి, కోటల అవసరం ఎప్పుడో తీరిపోయింది. గోడల్లో ఉన్నది ఇటుక, పైకి కనిపించేది సున్నపురాయి. లోపల పై అంతస్తుల దాకా కుళాయి నీళ్లు, గదులకు వేడిగాలి గొట్టాలు, నౌకర్లను పిలవడానికి కరెంటు గంటలు. ఇక సింహాసన మందిరం చూస్తే కళ్లు చెదురుతాయి. అందులో సింహాసనం మాత్రం లేదు. అది చేయించేలోపే రాజు పోయాడు.

ఆయన రెండో లుడ్విగ్, అప్పట్లో విడి రాజ్యంగా ఉన్న బవేరియాకు రాజు. 1864లో పద్దెనిమిదేళ్లకే గద్దెనెక్కాడు. రెండేళ్లకే ప్రష్యా అనే మరో జర్మన్ రాజ్యం చేతిలో ఓడాడు. 1871లో బవేరియా జర్మన్ సామ్రాజ్యంలో కలిసిపోయింది. కిరీటం మిగిలింది, పెత్తనం పోయింది. తన మాటే చెల్లే చోటు ఒకటి కావాలని ఈ కోటతో పాటు ఇంకో రెండు భవనాలు కట్టుకున్నాడని నాకనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది లిండర్‌హోఫ్. మూడింటిలో చిన్నది, ఆయన బతికుండగా పూర్తయింది అదొక్కటే. భోజనాల బల్ల నేలలోంచి కిందికి దిగుతుంది. కింద వంటవాళ్లు వడ్డించి పైకి పంపుతారు. తినేటప్పుడు మనిషి కంటపడకూడదట! వడ్డించేవాళ్లు "ఇంకొంచెం వేసుకోండి" అనకపోతే అదేం భోజనమని మీ అమ్మమ్మ జాలిపడింది.

తోటలో ఒక కృత్రిమ గుహ ఉంది. లోపల చెరువు, అందులో ఆల్చిప్ప ఆకారపు బంగారు రంగు పడవ. ఆ గుహలో రంగురంగుల దీపాల కోసం 1870లలోనే కరెంటు పుట్టించే యంత్రాలు, 24 డైనమోలు పెట్టించాడు. బయట ఫౌంటెన్ నీరు 20 మీటర్లకు పైగా ఎగురుతుంది. దానికి మోటారు లేదు. కొండ మీద నిలవచేసిన నీరు గొట్టాల్లో కిందికి దిగే ఒత్తిడే దాన్ని పైకి చిమ్ముతుంది. గీత గీసినట్టున్న ఆ తోటలో ఒక పాత లిండెన్ చెట్టు మాత్రం అడ్డదిడ్డంగా నిలబడి ఉంటుంది. దాన్ని కొట్టించకుండా ఉంచినందుకు రాజు మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

మూడోది హెరెన్‌కీమ్‌జే, సరస్సు మధ్య దీవిలో ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ భవనానికి నకలు. అద్దాల మందిరం సహా అంత హంగు చేసి, పట్టుమని పక్షం రోజులైనా అక్కడ ఉండలేదు.

ఇదంతా ప్రజల సొమ్మేనా అని పెద్దవాడు అడుగుతాడని తెలుసు. నేరుగా ఖజానా సొమ్ము కాదు, తన రాజభరణం, ఆపైన అప్పులు. 1885 నాటికి అప్పు సుమారు 1 కోటి 40 లక్షల మార్కులు. అయినా కట్టడం ఆపనన్నాడు. 1886 జూన్‌లో వైద్యులు, ఆయన్ని పరీక్షించకుండానే, మతిలేదని తేల్చారు. గద్దె దించిన కొన్నాళ్లకే సరస్సులో శవమై కనిపించాడు, వెంట ఒక వైద్యుడు కూడా. ఏం జరిగిందో నేటికీ తేలలేదు. ఆయన పోయిన ఏడు వారాలకే నోయ్‌ష్వాన్‌స్టైన్‌కు టిక్కెట్టు పెట్టి జనాన్ని పంపారు. ఆ డబ్బు అప్పులు తీర్చడానికి పనికొచ్చింది.

మీ నాన్న తీసుకెళ్తానంటే ముందు లిండర్‌హోఫ్‌కు తీసుకెళ్లమనండి. చలికాలం వద్దు, ఫౌంటెన్లు ఆపేసి తోటలోని శిల్పాలను చెక్కపెట్టెల్లో మూసేస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య