గుట్టను తవ్వే ముందు కుంటను కొలవాలి

తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో చాలా గుట్టల కింద ఒక కుంట కనిపిస్తుంది. నున్నటి బండ మీద పడ్డ వానకు నేలలోకి ఇంకడానికి చోటు లేదు, చాలామటుకు జారి కిందికే వస్తుంది. ఆ నీటిని ఆపడానికే పెద్దలు అక్కడ కట్ట పోశారు. అదే గుట్ట మీద 2 హెక్టార్ల క్వారీ గుంత తవ్వారనుకోండి. 50 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్లు ఆ గుంతలోనే ఆగిపోతాయి. అందుకే "క్వారీ కుంటకు 500 మీటర్ల దూరంలో ఉంది" అని రాసుకుంటే ఏమీ తేలదు. తవ్వబోయే నేల ఏ వాగుకు, ఏ కాల్వకు నీళ్లిస్తోందో చూడాలి.

కుంటలో నీటిమట్టం 30 సెంటీమీటర్లు తగ్గితే చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ లోపలి వాలు 200 మీటర్లకు 1 మీటరు ఉన్న చోట నీటి అంచు 60 మీటర్లు వెనక్కి పోతుంది. తుంగ మొలిచేది, చేపపిల్లలు దాక్కునేది, కొంగలు మేసేది ఆ లోతులేని నీళ్లలోనే.

ఇక భూమి లోపలి సంగతి. హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో భారత–ఫ్రెంచి పరిశోధకులు గ్రానైట్ నేలను ఏళ్ల తరబడి పరిశీలించారు. పైన 10–15 మీటర్లు మెత్తబడ్డ రాయి, దాని కింద మరో 15–20 మీటర్లు పగుళ్ల రాయి, ఆ కింద దాదాపు నీరు లేని గట్టి బండ. బోర్లకు నీరు అందేది ప్రధానంగా ఆ పగుళ్ల పొర నుంచే. నీటిమట్టం పెరిగి తగ్గే చోట రాయి వదిలే నీరు దాని ఘనపరిమాణంలో సుమారు 1.4 శాతం మాత్రమే. అంటే ఒక హెక్టారు కింద నుంచి 1.4 లక్షల లీటర్లు తోడేస్తే మట్టం ఒక మీటరు పడిపోతుంది. క్వారీ అడుగు నీటిమట్టానికి పైనే ఉన్నంత కాలం ఈ భయం తక్కువ. దాన్ని దాటిన రోజు నుంచి గుంత ఒక పెద్ద బావి అవుతుంది, మోటార్లు ఆగవు. పగుళ్లు ఎటు సాగితే నష్టం అటే పోతుంది కాబట్టి పక్క బోరు బాగుండి, దూరపు బోరు ఎండిపోవచ్చు.

తోడిన నీటిని కుంటలోకి వదిలితే లెక్క సరిపోతుందని కొందరంటారు. మా దృష్టిలో ఇది ప్రమాదకరమైన ఊరట. ఆ నీళ్లలో రాతి పిండి ఉంటుంది. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు మీటరు లోతు దిగడానికి ముప్పావు గంట చాలు, 2 మైక్రాన్లదానికి మూడు రోజులకు పైనే పడుతుంది. సెకనుకు 10 లీటర్లు వదిలే చోట 5 మైక్రాన్ల రేణువును ఆపాలంటే తేర్చే తొట్టి నీటి ఉపరితలం కనీసం 450 చదరపు మీటర్లుండాలి. సుడులు, అడ్డదారి ప్రవాహం ఎలాగూ ఉంటాయి కాబట్టి దానికి రెట్టింపు కట్టడం మంచిది. తొట్టి లోతు పెంచితే పూడికకు చోటు దొరుకుతుంది గానీ రేణువులు ఎక్కువ ఆగవు.

పేలుడు మందు సంగతి ఇంకా సూక్ష్మం. ఆ మందులో వాడే అమ్మోనియం నైట్రేట్ ఒక కిలో ఒలికితే, అందులోని నైట్రేట్ 17 వేల లీటర్ల శుభ్రమైన నీటిని తాగునీటి పరిమితికి, అంటే లీటరుకు 45 మిల్లీగ్రాములకు చేర్చగలదు. తడి రంధ్రాల్లో పొడి మందు కరిగిపోతుంది. అక్కడ నీటికి తట్టుకునే ఎమల్షన్ రకం పేలుడు మందు వాడాలి, ఒలికినదాన్ని వాన రాకముందే ఎత్తేయాలి.

చట్టం కాపాడుతుందిలే అని ఊరుకోవడానికీ లేదు. 2017 చిత్తడి నేలల నియమాల నిర్వచనం సాగునీటి కోసం మనిషి కట్టిన చెరువులను పక్కన పెట్టింది. మన కుంటలు చాలావరకు ఆ కోవలోనివే. అందుకని రక్షణను అనుమతి షరతుల్లోనే రాయించుకోవాలి: వరద కాల్వకు ఎంత దూరం వదలాలి, మొరం ఎక్కడ పోయాలి, క్వారీ అడుగు ఏ మట్టం దాటకూడదు.

ఆ మట్టం తెలియాలంటే తవ్వకానికి ముందే కనీసం ఒక ఏడాది కొలతలుండాలి. చుట్టుపక్కల ప్రతి బావి, బోరు లోతు, నీటిమట్టం మేలోనూ నవంబరులోనూ రాసిపెట్టాలి. నీరు ఎటు పారుతుందో తేలడానికి ఒకే గీత మీద లేని మూడు పరిశీలన బోర్లయినా కావాలి. కుంటలో నీటిమట్టం కొలిచే గేజీ కర్ర పాతాలి. వీటితోపాటు అదే రకం రాతినేలలో, క్వారీ ప్రభావం అందని మరో వాగు పరీవాహకంలో ఒక పోలిక బోరు తప్పనిసరి. అది లేకపోతే వానలు తక్కువైన ఏడాది బోర్లు ఎండినప్పుడు రైతు క్వారీని అంటాడు, క్వారీ యజమాని కరువును అంటాడు. ఇద్దరి చేతిలోనూ రుజువు ఉండదు.