చిన్న వాగుల్లో చేపలు: అపోహలు - వాస్తవాలు

వాగుల్లో చేపల లెక్కలు తీయడం నా పని. మోకాలి లోతు నీళ్లలో వల పట్టుకుని నిలబడితే ఒడ్డు మీంచి తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఇంత వాగులో ఏం చేపలుంటాయండీ?"

అపోహ: చిన్న వాగులో రెండు మూడు రకాలే ఉంటాయి.
వాస్తవం: భూమ్మీద ఉన్న నీళ్లలో నదులు, వాగులు, చెరువుల వాటా చాలా కొంచెం. అయినా చేప జాతుల్లో దాదాపు సగం ఆ మంచినీళ్లలోనే బతుకుతున్నాయి. అమెజాన్ అడవుల్లో రెండు మూడు మీటర్ల వెడల్పు వాగుల్లోనే 20కి పైగా జాతులు దొరికిన చోట్లున్నాయి. వాగు ఒకటే అయినా నివాసాలు వేరు మరి. పైపైన తిరిగేది ఒకటి, ఇసుకలో దూరేది ఒకటి, వడి నీళ్లలో రాయికి అతుక్కునేది ఒకటి, మడుగు అడుగున ఆకుల మధ్య పడుకునేది ఇంకొకటి. వెడల్పు కన్నా ముందు నేను మడుగుల లోతు చూస్తాను.

అపోహ: చెట్ల నీడ వల్ల చేపలకు తిండి తగ్గుతుంది.
వాస్తవం: నీడలో నాచు తక్కువ పెరిగే మాట నిజమే. కానీ చాలా చేపలకు తిండి పైనుంచి రాలుతుంది. వేలెడంత చేప పొట్ట విప్పి మైక్రోస్కోప్ కింద పెడితే చీమల తలలు, పెంకు పురుగుల రెక్క ముక్కలు కనిపిస్తాయి. ఒడ్డున చెట్లు కొట్టేస్తే ఈ తిండి ఆగిపోతుంది.

అపోహ: తిండి ఎక్కడ ఎక్కువుంటే చేపలు అక్కడే ఉంటాయి.
వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది. నాచు తినే కవచపు జెల్లలను మేరీ పవర్ అనే శాస్త్రవేత్త పనామా వాగుల్లో గమనించి 1984లో ఆ వివరాలు ప్రచురించారు. ఎండ పడే మడుగుల్లో నాచు త్వరగా పెరుగుతుంది, చేపలూ అక్కడే ఎక్కువ చేరతాయి. దాంతో ఎండ మడుగైనా నీడ మడుగైనా రాళ్ల మీద మిగిలే నాచు ఇంచుమించు ఒకటే. అయితే జానెడు లోతు కూడా లేని అంచుల్లో మాత్రం నాచు పచ్చగా, దట్టంగా అలాగే ఉండిపోతుంది. లోపల ఆకలిగా ఉన్నా పెద్ద చేపలు అటు రావు. కొంగలు, లకుముకి పిట్టల భయం! ఏ వాగుకు వెళ్లినా ఇప్పుడు నా కళ్లు ఆ అంచుల్నే వెతుకుతాయి.

అపోహ: పడిపోయిన దుంగలు, ఆకులు తీసేస్తే వాగు బాగుపడుతుంది.
వాస్తవం: దుంగ అడ్డం పడిన చోటే నీళ్లు కోసుకుని మడుగు ఏర్పడుతుంది. ఆకుల పోగుల్లో పిల్ల చేపలు దాక్కుంటాయి. నేను ఏళ్లుగా చూస్తున్న ఒక వాగును శుభ్రం చేస్తున్నామంటూ అడుగంతా చదును చేశారు. ఆ ఎండాకాలం వెళ్తే చీలమండ లోతు నీళ్లు ఒకే తీరుగా పారుతున్నాయి, ఒక్క మడుగూ లేదు. చాలా బాధేసింది. కొరమీను లాంటివైతే గాలి పీల్చి కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. మిగతావాటికి మడుగే దిక్కు.

అపోహ: ఒక్క రోజు వల వేస్తే లెక్క తేలిపోతుంది.
వాస్తవం: పగలు వలలో పడేవి వేరు, రాత్రి టార్చి వెలుగులో బయటపడే జెల్లలు వేరు.

అపోహ: జాతుల సంఖ్య పెరిగితే వాగు బాగున్నట్టే.
వాస్తవం: అడవి పోయి ఎండ పడితే, ఎక్కడైనా బతికే చేపలు దిగువ నుంచి ఎక్కి వస్తాయి. జనం వదిలిన తిలాపియా, గాజు తొట్టెల్లో పెంచుకునే బుల్లి గప్పీలు చేరతాయి. నీడను నమ్ముకున్నవి పోతున్నా కొన్నాళ్లు సంఖ్య పెరిగినట్టే కనిపిస్తుంది. అందుకే అంకె ఒక్కటే చెబితే నేను ఒప్పుకోను, పేర్లు అడుగుతాను.

అపోహ: ఈత వచ్చిన చేప ఎక్కడికైనా వెళ్లగలదు.
వాస్తవం: ట్రినిడాడ్ వాగుల్లో చాలాచోట్ల జలపాతం కింద వేరే చేపల్ని వేటాడి తినే చేపలుంటాయి, పైన గప్పీలు, ఒక చిన్న కిల్లీ చేప మాత్రమే ఉంటాయి. అక్కడి చేపలు ఎంతో కాలంగా ఆ అడ్డుకు తగ్గట్టు మారుతూ వచ్చాయి. రోడ్డు కింద మనం వేసిన తూము నిన్న మొన్నటిది. దాని మూతి నీటికి మూరెడు ఎత్తున వేలాడుతుంటే, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేప అక్కడే ఆగిపోతుంది. వాగు అడుగు కన్నా కాస్త లోతుగా తూము వేయిస్తే ఈ చిక్కు రాదు. ఈసారి వాగు దాటేటప్పుడు ఒక్కసారి వంగి, ఆ మూతి ఎంత ఎత్తున ఉందో చూడండి.