ప్రళయానికి రుజువులు వెతికినవాళ్లు

కాశీలో ఉండే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి ఫ్రాన్సిస్ విల్ఫర్డ్ 1792లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక పెద్ద వ్యాసం వేయించాడు. పద్మపురాణంలో సత్యవ్రతుడనే రాజుకు జ్యాపేతి, చర్మ, శర్మ అని ముగ్గురు కొడుకులున్నారట. ఒకరోజు సత్యవ్రతుడు తాగి ఒంటి మీద బట్ట లేకుండా పడిపోతే చర్మ చూసి నవ్వాడు, తండ్రి శపించాడు. బైబిలు చదివినవాళ్లకు ఇది ఎవరి కథో చెప్పక్కర్లేదు. నోవహు, అతని కొడుకులు షేము, హాము, యాపెతు. ఆ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్ అంతటివాడు ఆ శ్లోకాలను అనువదించి వ్యాసానికి జత చేశాడు. నోవహు కాలంనాటి జలప్రళయం నిజంగా జరిగిందనడానికి ఇక హిందువుల పురాణమే సాక్ష్యం!

తీరా చూస్తే ఆ సాక్ష్యం పుట్టించింది విల్ఫర్డ్ దగ్గర జీతానికి పనిచేసే పండితుడు. దొరకు ఏం కావాలో అతనికి తెలుసు. పాశ్చాత్య గాథలన్నీ దొరే చెప్పి, ఇలాంటివి మీ గ్రంథాల్లో ఎక్కడున్నాయో వెతికిపెట్టమన్నాడు మరి. కొన్నేళ్లకు రాతప్రతులు సరిచూసుకుంటే గుట్టు బయటపడింది. కొన్నిచోట్ల ఒకటి రెండు మాటలు చెరిపి వేరేవి రాశాడు, కొన్నిచోట్ల కథనే మార్చాడు, మిగతాచోట్ల మొత్తంగా తనే అల్లేశాడు. నిలదీస్తే పదిమంది బ్రాహ్మణులను వెంటబెట్టుకొచ్చి ప్రమాణం చేయించడానికి కూడా సిద్ధపడ్డాడు. 1805లో విల్ఫర్డ్ అదే పత్రికలో ఈ సంగతంతా తనే రాసుకున్నాడు. ఎంత అవమానమో ఊహించుకోవచ్చు, అయినా రాశాడు.

ఆ పండితుణ్ణి తిట్టడం తేలికే. నాకు మాత్రం అడిగినవాడి ఆత్రమే ఆసక్తిగా అనిపిస్తుంది. ప్రళయ కథను అక్షరాలా నమ్మాలా వద్దా అనే వాదం రెండు మూడు వందల ఏళ్లుగా దాదాపు ఇదే దారిలో నడిచింది. వెతికినవాడికి మొదట కావలసిందే దొరుకుతుంది. ఆ తర్వాత అసలు సంగతి తెలుస్తుంది.

నిజానికి అనుమానం చాలా పాతది. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము ప్రకారం, నోవహు ప్రళయాన్ని దాటిన ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. అందులో నాలుగు ఏనుగులు మాత్రమే పడతాయని రెండో శతాబ్దంలోనే అపెల్లెస్ అనే ఆయన ఎద్దేవా చేశాడు. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ దానికి జవాబిస్తూ, ఆ పుస్తకం రాశాడని చెప్పే మోషే లెక్కలోని మూర మామూలు మూర కాదు, చాలా పెద్దది అన్నాడు. లెక్క సర్దేసి అక్కడితో ఆగలేదు. ఓడ అంటే దైవసంఘం అని, దాని అంతస్తులకు లోపలి అర్థాలున్నాయని అదే ప్రసంగంలో వివరించాడు. ఆయనకు కథలో ముఖ్యమైన భాగం అదే.

చిక్కు పదిహేడో శతాబ్దంలో మొదలైంది. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిలు వంశావళులు కూడి సృష్టికి క్రీస్తుపూర్వం 4004, జలప్రళయానికి 2348 అని సంవత్సరాలు ఖాయం చేశాడు. సంవత్సరం వేశాక సరిచూసేవాళ్లు రాకుండా ఉంటారా?

వచ్చినవాళ్లు నాస్తికులు కారు, చాలామంది మతగురువులే. 1821లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, కిర్క్‌డేల్ దగ్గర రాళ్ల క్వారీలో ఒక గుహ బయటపడింది. నిండా హైనాలు, ఏనుగులు, ఖడ్గమృగాల ఎముకలు. ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పే పాస్టర్ విలియం బక్లండ్ వెళ్లి చూశాడు. ప్రళయజలాలు ఉష్ణదేశాల నుంచి కళేబరాలను కొట్టుకొచ్చి ఇక్కడ పడేశాయని అప్పట్లో అందరూ అనుకునేది. ఎముకల మీద పంటి గాట్లు చూసి బక్లండ్‌కు అనుమానమొచ్చింది. బతికున్న హైనాకు ఎముకలు వేయించి, అది ఎలా కొరుకుతుందో చూశాడు. గాట్లు సరిపోయాయి. అంటే ఇది హైనాల గుహే, ఆ జంతువులు అక్కడే బతికాయి. అయితే ఎముకల మీద పేరుకున్న బురద మాత్రం నోవహు నాటి వరదదేనని 1823లో పుస్తకం రాశాడు.

బురదా నిలవలేదు. బ్రిటన్ అంతటా పరుచుకున్న ఆ మట్టీ గుండ్రాళ్లూ ఒకే వరదలో వచ్చినవి కావని తోటివాళ్లు తేల్చారు. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆడమ్ సెడ్జ్‌విక్, ఆయనా మతగురువే, 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్ష పీఠం నుంచి దిగిపోతూ, తను ఇన్నాళ్లూ ప్రచారం చేసిన ఈ సిద్ధాంతం తప్పని నిండు సభలో ఒప్పుకున్నాడు. 1836 నాటి పుస్తకంలో బక్లండ్ కూడా వెనక్కి తగ్గాడు. 1840లో స్విట్జర్లండ్ శాస్త్రవేత్త లూయీ అగసీ స్కాట్లండ్ వచ్చినప్పుడు ఆయనతో కలిసి కొండలు తిరిగాడు. ఆ గుండ్రాళ్లను తెచ్చింది వరద కాదు, ఒకప్పటి మంచు పలకలు. సెడ్జ్‌విక్, బక్లండ్ ఇద్దరూ తమ మతం వదల్లేదు, బక్లండ్ తర్వాత లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ చర్చికి డీన్, అంటే పెద్ద గురువు, కూడా అయ్యాడు. డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది. ప్రపంచమంతా మునిగిన ఒకే వరద అనే మాట చదువుకున్న మతగురువుల చేతుల్లోనే అప్పటికి ముగిసిపోయింది. మనవాళ్ల చర్చల్లో ఈ సంగతి ఎందుకో ఎవరూ ఎత్తరు.

తర్వాతి దెబ్బ మట్టి పలకల రూపంలో వచ్చింది. జార్జ్ స్మిత్ కరెన్సీ నోట్ల అచ్చుపలకలు చెక్కే పనివాడు. మధ్యాహ్నం భోజనం వేళ బ్రిటిష్ మ్యూజియానికి పరుగెత్తి అస్సిరియా లిపి నేర్చుకుని, చివరికి అక్కడే ఉద్యోగంలో చేరాడు. 1872లో ఇరాక్‌లోని ప్రాచీన అస్సిరియా రాజధాని నీనెవె శిథిలాల్లో దొరికిన ఒక పలక చదువుతుంటే కొండ మీద ఆగిన ఓడ, ఎగరేసిన పావురం కనిపించాయి. ఆనందం పట్టలేక బట్టలు విప్పుకుని గదిలో పరుగులు తీశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 3న ప్రధాని గ్లాడ్‌స్టన్ ముందే పలక చదివి వినిపించాడు. డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక వెయ్యి గినీలు పెట్టి నీనెవెకు పంపితే, మిగతా కథ ఉన్న ముక్క కూడా దొరికింది! అది వేరే కథనంలోని ముక్కని తర్వాత తేలిందనుకోండి.

బైబిలు నిజమైందని కొందరు పండగ చేసుకున్నారు, బైబిలు కాపీ అని కొందరు ఎగతాళి చేశారు. పలకలో ఉన్నది మాత్రం ఇద్దరికీ నప్పదు. అక్కడ దేవుళ్లు చాలామంది. వరద ఆరు పగళ్లు, ఏడు రాత్రులు. దేవతలు హోమపు వాసనకు ఈగల్లా మూగుతారు. ఓడ ఏడంతస్తుల ఘనాకారం. 2014లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ ప్రచురించిన ఇంకా పాత పలకలోనైతే అది గుండ్రని పుట్టి, మన తుంగభద్రలో తిరిగే పుట్టిలాంటిదే.

1929లో ఇరాక్‌లోని ఊర్ అనే ప్రాచీన నగరంలో తవ్వుతూ పురావస్తు శాస్త్రవేత్త లెనార్డ్ వూలీ పది అడుగులకు పైగా మందమున్న ఒండ్రు పొరను పట్టుకున్నాడు. పైన మనుషుల ఆనవాళ్లు, కింద మనుషుల ఆనవాళ్లు, మధ్యలో శుభ్రమైన మట్టి. ఇదేమిటని భార్యను అడిగితే, ‘ఇంకేముంది, ప్రళయమే’ అనేసి వెళ్లిపోయిందట. ప్రపంచ పత్రికలూ అదే రాశాయి. తీరా కిష్, షురుప్పక్ నగరాల్లో దొరికిన వరద పొరల కాలం వేరు, ఊర్ పక్కనే ఉన్న ఎరిదులో అసలు పొరే లేదు. వూలీ కూడా దాన్ని టైగ్రిస్, యూఫ్రటీస్ నదీలోయకు పరిమితమైన వరదనే అన్నాడు. ఆ లోయలో ఉన్నవాళ్లకు లోయే ప్రపంచం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ప్రళయమని కాక ఇంకేమంటాం?

భూమ్మీద మంచంతా కరిగినా సముద్రమట్టం 70 మీటర్ల దాకా పెరుగుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. ఇంత తెలిసినా అమెరికాలో 1961లో విట్‌కమ్, మోరిస్ రాసిన పుస్తకంతో పాత వాదం మళ్లీ లేచింది. 2016లో కెంటకీలో 510 అడుగుల ఓడే కట్టేశారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ బక్లండ్ హైనాకు ఎముక వేసి చూసినట్టు, తమ నమ్మకాన్ని సరిచూసుకునే ఓపిక ఇందులో నాకు కనిపించదు.

మన మత్స్యావతారాన్ని కూడా ఈ మధ్య ఇలాగే శాటిలైట్ ఫొటోలతో, మంచుయుగాలతో ముడిపెడుతున్నారు. విల్ఫర్డ్ పండితుడు పోలేదన్నమాట. పోతన అష్టమ స్కంధంలో చేప విష్ణువు, వరద కల్పాంతంలోది, సత్యవ్రతుడు ద్రవిడ రాజు. మహాభారతం అరణ్యపర్వంలో ఆ చేప తాను బ్రహ్మనంటుంది, పడవలో సప్తఋషులు, విత్తనాలు. ఇంకా వెనక్కి, వేదకాలపు యజ్ఞవిధుల గ్రంథం శతపథ బ్రాహ్మణానికి వెళ్తే చేప ఏ దేవుడో చెప్పనే చెప్పరు. ఋషులు లేరు, విత్తనాలు లేవు, మనువు ఒక్కడే. పడవ ఎన్ని మూరలో, వరద ఏ సంవత్సరమో లేదు. నీళ్లు తీశాక మనువు నెయ్యి, పెరుగు నీళ్లలో హోమం చేస్తే అందులోంచి ఇడ అనే స్త్రీ పుట్టింది. యజ్ఞంలో ఋత్విక్కులు తినే ప్రసాదభాగాన్ని ఇడ అని ఎందుకంటారో చెప్పడానికే ఆ కథ ఎత్తుకున్నారు. అది చెప్పేసి, ఆ భాగాన్ని ఎలా కోయాలో, ఎవరు తినాలో చెప్పడంలోకి వెళ్లిపోయారు.