రైజింగ్ సన్ పాట ఎవరిది? గిటార్ క్లాసులో నేను వినే అపోహలు

ఆర్పెజియో (తీగల్ని ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా మీటడం) నేర్పడం మొదలుపెట్టగానే పిల్లలు అడిగే పాట 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్'. న్యూ ఆర్లీన్స్‌లో ఆ పేరున్న ఇంట్లో చేరి బతుకు పాడుచేసుకున్న మనిషి గోడు అది. పాటతో పాటు దాని చుట్టూ అల్లుకున్న కథలు కూడా క్లాసుకి వచ్చేస్తాయి.

అపోహ: ఇది బ్రిటన్ రాక్ బ్యాండ్ యానిమల్స్ రాసిన పాట.

కాదు. వాళ్లు 1964 మే 18న లండన్‌లో ఒకే టేక్‌లో రికార్డు చేశారు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. హిల్టన్ వాలెంటైన్ ఎలక్ట్రిక్ గిటార్, అలన్ ప్రైస్ ఆర్గన్ కలిసేసరికి పాత జానపదం రాక్ అయిపోయింది. ఫోక్ రాక్ అనే మాట జనం నోట పడింది ఆ మరుసటి ఏడే. పాట మాత్రం చాలా పాతది. అమెరికా జానపద గాయకుడు క్లారెన్స్ ఆష్లీ 1933లోనే దీన్ని రికార్డు చేశాడు. తాత దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు.

అపోహ: అయితే అమెరికా గాయకుడు బాబ్ డిలన్‌ది.

డిలన్ 1962 నాటి తొలి ఆల్బమ్‌లో ఉంది నిజమే, కానీ అందులోని అరేంజ్‌మెంట్ (పాత పాటకి కొత్త కూర్పు) తోటి జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్‌ది. ఆయన రికార్డు చేసుకునేలోపే డిలన్ చేసేశాడు. ఆ తర్వాత వాన్ రాంక్ పాడితే, డిలన్ పాట పాడుతున్నావేంటి అన్నారట జనం. యానిమల్స్ హిట్టయ్యాక డిలన్‌కీ అదే గతి పట్టింది!

అపోహ: జానపదం కదా, ఎవరిదీ కాదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 1937 సెప్టెంబర్‌లో జానపద గీతాలు సేకరించే అలన్ లోమాక్స్ రికార్డింగ్ యంత్రంతో అమెరికాలో కెంటకీలోని మిడిల్స్‌బరో వెళ్లాడు. గని కార్మికుడి కూతురు జార్జియా టర్నర్, 16 ఏళ్ల పిల్ల, ఈ పాట పాడింది. 1941లో లోమాక్స్ తన పుస్తకంలో ఆమె పేరు చెప్పి మరీ అచ్చువేశాడు. యానిమల్స్ రికార్డు మీద మాత్రం సంప్రదాయ గీతం, అరేంజ్‌మెంట్ అలన్ ప్రైస్ అని పడింది. అయిదుగురి పేర్లకి లేబుల్ మీద చోటు లేదట. రాయల్టీ, అంటే పాట మీద వచ్చే డబ్బు, ఆ ఒక్క పేరుకే వెళ్లింది, మిగతా నలుగురూ ఏళ్ల తరబడి గుర్రుగా ఉన్నారు. జార్జియాకి ముట్టింది నామమాత్రం. 1969లో చనిపోయింది. మన పాటల వీడియోల కింద 'జానపదం' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం చూసినప్పుడల్లా ఆ పిల్లే గుర్తొస్తుంది.

ఇది అసలు అమ్మాయి పాట, యానిమల్స్ అబ్బాయికి మార్చారు అనే మాట సగమే నిజం. జార్జియా అమ్మాయిగా పాడింది, డిలన్ కూడా అంతే. కానీ ఆష్లీ పాటలో చెడిపోయేది మగపిల్లలే. న్యూ ఆర్లీన్స్‌లో ఆ ఇల్లు ఇదేనని చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు, గట్టి రుజువు ఎవరి దగ్గరా లేదు.

అపోహ: నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే పాట వచ్చినట్టే.

ఏ మైనర్, సి, డి, ఎఫ్, మధ్యలో ఒక ఇ. ఎఫ్ దగ్గర అందరికీ టెన్షనే, అది వారంలో పోతుంది. పోనిది నడక. చాలామంది దీన్ని నాలుగు దెబ్బల తాళంలో వాయించేస్తారు. యానిమల్స్ వాయించింది తిశ్రంలో, అంటే మూడేసి దెబ్బల నడకలో. తకిట తకిట అనుకుంటూ మీటి చూడండి. అది కుదిరాక జార్జియా రికార్డింగ్ వెతికి వినండి. అందులో అసలు గిటారే లేదు.